అతుకు కనపడని సైకిలు

ఆ ఇంట్లో అవయవాల పంపకం ఎప్పుడో జరిగిపోయింది. నోరు తండ్రిది, చెవి తల్లిది, కన్ను కూతురిది. తండ్రి కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. తల్లి కోర్టులో స్టెనోగ్రాఫరు, ఎవరేమన్నా అన్నది అన్నట్టు పట్టేస్తుంది. కూతురు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు బిగిస్తుంది. ఈ ముగ్గురూ ఒక గదిలో కూర్చుంటే అబద్ధానికి కాలు పెట్టే చోటుండదని ఇరుగుపొరుగువాళ్ళు అనుకునేవాళ్ళు. పొరపాటు. ఈమధ్య ఆ ఇంట్లో అబద్ధం ముందుగదిలోనే, గోడకి ఆనుకుని, రెండు చక్రాల మీద నిలబడి ఉంది.

దంతవైద్యుల క్లినిక్కుల్లో తండ్రిని పళ్ళాయన అంటారు. ఆయన పనిగది ఒక మందుల కొట్టు వెనకాల, కిటికీ ఉన్న పొడుగాటి గది. బల్ల నిండా తెల్లటి ప్లాస్టరు దవడలు నోరు తెరుచుకుని వరసగా ఉంటాయి, ఏదో సభలో అందరూ ఒకేసారి మాట్లాడబోయి ఆగిపోయినట్టు. కొత్త సెట్లు చేస్తాడు గానీ ఆయన ప్రాణం మరమ్మతులో ఉంది. మనుషులు తమ పళ్ళ మీద తామే కూర్చుంటారు, వాష్‌బేసిన్‌లో జారవిడుస్తారు, దిండు కింద పెట్టి మరిచిపోతారు. అలా రెండు ముక్కలై వచ్చినదాన్ని ఈయన అతికి, గరుకు తీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. చూసినవాడు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "విరిగింది ఎక్కడండీ?" అని అడగాలి. అడిగితే ఆ రోజు ఆయన అన్నం రెండోసారి వడ్డించుకుంటాడు.

అతుకు కనపడకూడదు అన్నది ఆయన వృత్తికి మొదటి సూత్రం, చివరి సూత్రం కూడా. సిగరెట్లు కాల్చే పెద్దమనిషికి పళ్ళు కడితే, పాతవాటి పక్కన కొత్తవి వెలివేసినట్టు కనపడకుండా వాటికి ఒకింత పసుపు పులుముతాడు. అవసరమైతే చిన్న గీత కూడా గీస్తాడు. నిజం పళ్ళకి లోపాలుంటాయి కాబట్టి అబద్ధం పళ్ళకి కూడా ఉండాలని ఆయన సిద్ధాంతం.

ఈమధ్య క్లినిక్కులకి యంత్రాలొచ్చాయి. విరిగిన సెట్టు పట్టుకెళ్ళినవాళ్ళకి "ఇదెందుకండీ, కొత్తది చేసేద్దాం" అంటున్నారు. పళ్ళాయన దీన్ని పంటి బిగువున భరిస్తున్నాడు. "కొత్తది" అన్న మాట వినపడితే చాలు, ఎవరో తన వంకే చూసి అన్నట్టు తలెత్తుతాడు.

ఇక సైకిలు. పెళ్ళికి ముందు కొన్న రేసు సైకిలు అది. వంపు తిరిగిన హ్యాండిలు, కడ్డీల్లాంటి సన్నటి టైర్లు, నీలిరంగు ఉక్కు ఫ్రేము. ఆ నీలం తెల్లవారుజాము ఆకాశమని ఆయన అంటాడు, స్టాంపు ప్యాడ్ అని భార్య అంటుంది. గొలుసు, బ్రేకులు, సీటు, చక్రాలు అన్నీ ఒక్కొక్కటిగా మారిపోయాయి. ఫ్రేమొక్కటే మొదటిది. దాని మీద పళ్ళ సెట్లు డబ్బాల్లో పెట్టుకుని క్లినిక్కులకి చేరవేస్తూ ఉండగా, ఒకరోజు కూతురు దాన్నెక్కి కొండరోడ్డు దాకా వెళ్ళి, ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చింది. అంతే, సైకిలు చేతులు మారింది. పళ్ళాయన బస్సెక్కాడు, సంతోషంగానే.

ఊరి సైక్లింగ్ క్లబ్బు జట్టుకి ఎంపిక పోటీ పెడుతున్నారని తెలిశాకే గొడవ మొదలైంది. కొండ అడుగు నుంచి పైన నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కి, అదే రోడ్డున దిగాలి.

"నాన్నా, దీని మీద నేను కొండ దిగలేను. ఇది సైకిలు కాదు, పురావస్తువు."

"పురావస్తువంటే గౌరవమేగా."

"గాజు పెట్టెలో పెడితే గౌరవం. కొండ మీంచి దింపితే పోలీసు కేసు."

"కేసయితే నా దగ్గరికే వస్తుంది," అంది తల్లి, కంచంలోంచి తలెత్తకుండా. "ఇంటివాళ్ళ మాటలు నేను రాసుకోవడం బాగుండదు. ఏదో ఒకటి తేల్చండి."

"ఎక్కేటప్పుడు టిక్కు టిక్కుమంటోంది."

"పెడలు. నూనె వెయ్యి."

"వేశాను."

"ఇంకొంచెం వెయ్యి." పళ్ళాయన చెయ్యి కడుక్కుని, న్యాయమూర్తి తీర్పు చదివే గొంతుతో అన్నాడు. "చూడమ్మా, నీ కన్నుకున్న పదును ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. కొట్లోంచి నీ భూతద్దం తెచ్చుకో. ఫ్రేములో ఒక్కటంటే ఒక్క లోపం చూపించు, ఆ రోజే కొత్తది కొందాం. చూపించలేకపోయావా, దీని మీదే పోటీకి వెళ్ళాలి."

"రికార్డయింది," అంది తల్లి.

తనిఖీకి సిద్ధం చేద్దామని ఆ ఆదివారం పళ్ళాయన సైకిలుని పెరట్లో తలకిందులు చేసి తుడిచాడు. హ్యాండిలు దగ్గర్నుంచి పెడళ్ళ వైపు వాలే గొట్టం ఉంది చూశారూ, దాని అడుగువైపున, పైన అది మొదలయ్యే చోట, గుడ్డ పోగు ఒకటి చిక్కుకుంది. లాగితే రాలేదు. ఉక్కుకి గుడ్డ ఎందుకు చిక్కుతుంది? కళ్ళజోడు పైకి నెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. వెంట్రుకంత గీత. రంగులో పడ్డ గీత కాదు, లోపలికి పోయిన గీత. చేత్తో ముందుచక్రం లాగితే ఆ గీత నోరు తెరిచింది. వదిలితే మూసుకుంది. టిక్కుమన్నది పెడలు కాదు.

ఇలాంటి సమయంలో తండ్రన్నవాడు ఏం చెయ్యాలో లోకంలో అందరికీ తెలుసు. పళ్ళాయనకీ తెలుసు. కూతుర్ని పిలవడానికి నోరు కూడా తెరిచాడు. కానీ విరిగినదాన్ని చూడగానే ఆ చేతులకి వేరే అలవాటుంది. అవి ఆయన్ని అడగలేదు. చక్రాలు విప్పి ఫ్రేముని పాత దుప్పట్లో చుట్టి, సెలవుదినాన తాళం వేసి ఉన్న పనిగదికి మోసుకుపోయాయి.

పళ్ళ లోహపు తొడుగులు అతికే చిన్న గ్యాసు దీపం, కరిగించి పోసే వెండి మాటు అక్కడున్నాయి. రంగు గీకి, పగులు అంచులు సన్నగా అరగదీసి, ఎర్రగా కాల్చి మాటు పారించాడు. పగులు చివర చిన్న బెజ్జం వేస్తే అది ముందుకి పాకదని ఎక్కడో విన్నాడు. కానీ బెజ్జం కనపడుతుంది. వెయ్యలేదు. పళ్ళకి వాడే పొడితో మెరుగుపెట్టాడు. వేలికి ఏమీ తగల్లేదు. వేలిని నమ్మే వృత్తి కాదది. చుట్టూ ఉన్న ప్లాస్టరు దవడలన్నీ చూస్తూండగా వంగి, నాలుక కొనతో గొట్టాన్ని తడిమాడు. నాలుకకీ తగల్లేదు.

కాలిన చోట జానెడు మేర రంగు పోయింది. సీసా మూతలో నాలుగు రంగులు కలిపి, ఆ పాత నీలాన్ని, అది ఎండకి వెలిసిన వరసతో సహా, తిరిగి పుట్టించాడు. మరీ నున్నగా ఉందనిపించి, దబ్బనంతో అక్కడక్కడ పాతగీతలు గీశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. అంత మంచి పని ఆయన చేతిమీద ఎన్నడూ జరగలేదు. దురదృష్టవశాత్తూ అది నిజం.

ఇది తను నెమ్మదిగా, చదునురోడ్డు మీద తొక్కుకోవడానికేనని, అమ్మాయికి పోటీకి ముందు తప్పకుండా చెప్పేస్తానని ఆయన దారి పొడుగునా తనకి తాను మాటిచ్చుకున్నాడు. ఆ మాట వినడానికి పక్కన భార్య లేదు, రికార్డవలేదు.

తనిఖీ ముందుగదిలో జరిగింది. నేల మీద వార్తాపత్రికలు పరిచి సైకిలుని తలకిందులుగా నిలబెట్టారు. తల్లి కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కూతురు కంటికి భూతద్దం బిగించి, చేతిలో సన్నటి టార్చితో వెనక చక్రం దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో అతుకు దగ్గరా ఆగింది, ఒక్కో గొట్టం చుట్టూ తిరిగింది. పళ్ళాయన గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పంటి నొప్పితో వచ్చి వరసలో తన వంతు కోసం చూసేవాడిలా నిలబడ్డాడు.

వెలుతురు ఆ గొట్టం మీదికి వచ్చింది. చూడకపోతే బాగుండునని ఒక క్షణం అనుకున్నాడు. మరుక్షణం, చూస్తే బాగుండును, చూడు తల్లీ, అక్కడే, అనుకున్నాడు. టార్చి ముందుకి పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాన్నా, ఈ గీత ఎప్పుడు పడిం..."

"ఎప్పటిదో. నువ్వు పుట్టకముందుది."

బఠాణీ కాయ ఒలుస్తున్న తల్లి చెయ్యి ఆగింది. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చే జవాబుల్ని ఆవిడ ఉద్యోగరీత్యా చాలా చూసింది. మరో కాయ అందుకుంది.

కూతురు ఆ గీత మీద గోటితో ఒకసారి రాసింది. భూతద్దం తీసింది. కన్ను చుట్టూ ఎర్రటి ముద్ర పడింది.

"ఓడిపోయాను. ఫ్రేము భేషుగ్గా ఉంది." నవ్వి, వచ్చి తండ్రి భుజం మీద గడ్డం ఆనించింది. "నీ సైకిలుని ముసలిది అన్నందుకు సారీ."

గెలిచినవాడు ఏదో ఒకటి అనాలి. "నూనె వెయ్యి," అన్నాడు.

ఆ తరవాత ఆయన చెప్పకుండా చేసినవి చాలా ఉన్నాయి. గాలికొట్టే పంపు అటకెక్కించాడు. కూతురు పక్కింటివాళ్ళది తెచ్చుకుంది. టైర్లలో గాలి తీశాడు. "ఈ ట్యూబులు మార్చాలి," అని ఆమె మార్చేసింది. వాన పడేలా ఉందన్నాడు. ఆకాశం ఆయన మాట నిలబెట్టలేదు. సాయంత్రం ఆమె సాధన ముగించుకుని వచ్చేదాకా గేటు దగ్గర నిలబడేవాడు. గేటుకి నూనె వేస్తున్నానని, తాళం చూస్తున్నానని చెప్పేవాడు. సందు మలుపులో సైకిలు కనపడగానే లోపలికి పోయి పేపరు చదివేవాడు. సాధనంతా చదునురోడ్డు మీదే, కొండ పోటీ రోజునే, అప్పటికి చెప్పేస్తాను అనుకునేవాడు. చెప్పాలంటే రెండు మాటలు. అవి నోటి దాకా వచ్చి, అక్కడ ఏదో సరిగ్గా కుదరని పళ్ళ సెట్టు అడ్డంపడ్డట్టు ఆగిపోయేవి.

పోటీ రోజు ఆయన లేచేసరికి గోడ దగ్గర సైకిలు లేదు.

"అప్పుడే వెళ్ళిపోయిందా?"

"నాన్నని లేపొద్దు, ఈమధ్య సరిగ్గా నిద్రపోవట్లేదు అంది." భార్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీ కాలితో జరిపింది. "కూర్చోండి."

కూర్చున్నాడు.

"గీత సంగతి చెప్పండి."

"ఏ గీత?"

"'ఎప్పటిదో. నువ్వు పుట్టకముందుది.' ఆ గీత. మీ సైకిలు మీద ప్రతి గీతకీ మీ దగ్గర ఓ చరిత్ర ఉంది. ఇది గేటు తగిలినప్పుడు, ఇది మా అన్నయ్య పడేసినప్పుడు అని పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నాను. ఈ గీతకి మాత్రం 'ఎప్పటిదో' అన్నారు."

పళ్ళాయన బల్ల వంక చూశాడు. "నేనే గీశాను," అన్నాడు.

"ఎందుకు?"

"కింద పగులుంది."

ఆవిడ కేకలు వెయ్యలేదు. లేచి స్కూటరు తాళాలు అందుకుంది. "ఎక్కండి," అంది. ఆ గొంతు కోర్టులో ఎవరూ విని ఉండరు.

పళ్ళాయన వెనకసీటు మీద, చొక్కా బొత్తాలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకుని, జీవితంలో మొదటిసారి భార్యని "ఇంకా వేగంగా" అన్నాడు. రైలుగేటు పడి ఉంది. గూడ్సుబండి, పెట్టె తరవాత పెట్టె, తీరుబడిగా పోతోంది. ఆయన దిగి గేటు కిందనుంచి దూరబోతే ఆవిడ కాలరు పట్టుకుని ఆపింది. "అక్కడ అది చాలు, మీరు కూడా వద్దు," అంది.

కొండ అడుగున రోడ్డుకి అడ్డంగా సుద్దగీత, దాని వెనక సైకిళ్ళు. మెడలో ఈల వేసుకుని ఒక పెద్దాయన తిరుగుతున్నాడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైనా ఈల రిటైరవలేదు. కూతురు ముందువరసలో ఉంది, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద.

"ఆపండి! ఆ సైకిలు విరిగింది!" స్కూటరు దిగుతూనే అరిచాడు పళ్ళాయన.

అందరూ సైకిలు వంక చూశారు. అది నిగనిగలాడుతూ నిలబడి ఉంది.

"నాన్నా!" కూతురి ముఖం కందిపోయింది. "ఇక్కడా?"

"పగులుందమ్మా. ఫ్రేములో. దిగు."

"నేను చూశాను కదా. నువ్వే కదా పందెం కట్టావు. దీని మీదే వెళ్ళమన్నది నువ్వే కదా. ఇప్పుడు కొండ చూసేసరికి భయమేసిందా?"

ఈల మాస్టారు వంగి, గొట్టాలన్నీ మర్యాదగా పరిశీలించి, నడుం పట్టుకుని లేచాడు. "అయ్యా, బండికి ఏ లోపమూ లేదు. తండ్రి గుండె తనిఖీ చెయ్యడం మా నిబంధనల్లో లేదు. పక్కకి రండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు చూపు తిప్పేసుకుని హ్యాండిలు పట్టుకుంది. ఈల మాస్టారు ఈల నోటి దాకా తెచ్చాడు.

పళ్ళాయన రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో ముందుచక్రం పట్టుకున్నాడు. చూపించాలి. ఎక్కడ? నీలం మీద గీతలున్నాయి. ఏది గేటు గీసింది, ఏది బావమరిది గీసింది, ఏది తను గీసింది? ఎంత చూసినా తెలియలేదు. ఎదుటివాడు అతుకు వెతుక్కోవాలని ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, తన అతుకు తనకే దొరక్క చెమటలు కక్కాడు.

జేబులో మైనం చెక్కే చిన్న కత్తి ఉంది. తీసి గొట్టం మీద బరబరా గీకాడు.

"అయ్యో, కత్తి! ఆయన్ని పట్టుకోండి!"

"నాన్నా, ఏం చేస్తున్నావ్? వదులు!"

నీలం లేచింది, కింద మామూలు ఉక్కు. అక్కడ కాదు. కొంచెం పైన గీకాడు. మళ్ళీ ఉక్కే. ఇద్దరు కుర్రాళ్ళు భుజాలు పట్టుకున్నారు. ఈల మాస్టారు "లేవండి సార్, లేవండి" అంటున్నాడు. అప్పుడు పళ్ళాయన భార్య, రోజూ ఇతరుల మాటలు రాసుకోవడమే తప్ప మధ్యలో కలగజేసుకోని మనిషి, ముందుకొచ్చి ఈల మాస్టారి ఎదుట నిలబడింది.

"సాక్షిని పూర్తి చెయ్యనివ్వండి," అంది.

ఎందుకో అందరూ చేతులు వదిలేశారు.

మూడోచోట కత్తి కింద తెల్లటి మెరుపు కనపడింది. వెండి. గొట్టానికి అడ్డంగా, వంకర లేని సన్నటి గీత. దాని కొననుంచి, మాటు అయిపోయిన చోటునుంచి, నల్లటి వెంట్రుకలాంటిది ఒకటి బయల్దేరి, గొట్టం పక్కగా పైకి పాకిపోయింది. అతికిన తరవాత పాకింది. పళ్ళాయన హ్యాండిలు నొక్కాడు. వెంట్రుక నోరు తెరిచింది.

ఈల మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "అబ్బ," అన్నాడు మనస్ఫూర్తిగా, "ఎంత బాగా అతికారండీ! ఎవరూ..." పళ్ళాయన భార్య చూపు చూసి మిగతాది మింగేశాడు.

కూతురు సైకిలు దిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు చూడకముందు."

"నేను వెతుకుతుంటే నిలబడి చూశావా?"

"చూశాను."

వేరే సైకిలు ఇస్తామని ఒకమ్మాయి వచ్చింది. ఎత్తు సరిపోలేదు. వరసలోంచి నీలం సైకిలు పక్కకి తప్పుకుంది. ఈల మోగింది. గొలుసుల చప్పుడు కొండ మీదికి పోయి, సన్నబడి, ఆగిపోయింది. తల్లి స్కూటరు దగ్గరికి వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళు రోడ్డు అంచున రాతిగట్టు మీద, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఎడంతో కూర్చున్నారు.

చాలాసేపటికి మొదటివాళ్ళు దిగడం మొదలైంది. పై మలుపులో ఒంగి, గాలి కోసుకుంటూ, కంటికి అందకుండా పోతున్నారు. ఒక్కొక్కరు మలుపు తిరిగినప్పుడల్లా పళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. కూతురు మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఆ మలుపులో బ్రేకు వెయ్యకూడదనుకున్నాను నాన్నా," అంది. "అందరూ వేస్తారు. అక్కడే నేను ముందుకొచ్చేయాలనుకున్నాను."

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ కింద పెట్టుకున్నాడు.

"కొత్త సైకిలు నేను చూసుకుంటాను. నువ్వు రావద్దు."

"సరే."

"పాతదాన్ని మళ్ళీ ముట్టుకోవద్దు. అతకొద్దు. రంగెయ్యొద్దు. గీకిన చోటు గీకినట్టే ఉండాలి."

"సరేనమ్మా." చాలా వినయంగా అడిగాడు. "కొత్తదాని రంగు..."

"అది కూడా నేనే."

స్కూటరు మీద ఇద్దరికే చోటు. కూతురు తల్లి వెనక ఎక్కి కూర్చుంది. బండి కదిలాక ఒకసారి వెనక్కి తిరిగి, "చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకో," అంది.

పళ్ళాయన సైకిలుని నడిపించుకుంటూ ఊళ్ళోకి బయల్దేరాడు. ఎక్కి తొక్కలేదు. చదునురోడ్డు మీద కూడా. క్లినిక్కుల వీధిలో అందరికీ ఆయన తెలుసు. మెట్ల మీద నిలబడ్డ కాంపౌండరు పలకరించాడు.

"ఏం పళ్ళాయన గారూ, పంచరా?"

"కాదండీ. ఫ్రేము విరిగింది."

కాంపౌండరు సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. "బాగానే ఉంది కదండీ! ఎక్కడా?"

పళ్ళాయన సైకిలుని గోడకి ఆనించి, వంగి, వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ. నేనే అతికాను. అతక్కూడని చోట." కాంపౌండరు వంగి చూసి తలూపాడు. పళ్ళాయన హ్యాండిలు అందుకున్నాడు. వీధి పొడుగ్గా ఉంది. మందుల కొట్టు మెట్ల మీదనుంచి ఇంకెవరో అప్పుడే చెయ్యూపుతూ ఆయన వైపు దిగి వస్తున్నారు.